ఎర్ర కోడిపుంజు సత్రంలో ఉప్పు పరీక్ష: హోమియోపతి కథ, 1835 నుంచి మన మెదడువాపు మాత్రల దాకా

ఈ ఎపిసోడ్ చేయమని చాలామంది ఎప్పట్నుంచో అడుగుతున్నారు. హోమియోపతి అనగానే మన ఇళ్లలో వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీకి అది దైవం, ఇంకో పార్టీకి అది చక్కెర బిళ్ల. రెండు పార్టీలూ గట్టిగా అరుస్తాయి గానీ, ఈ గొడవ ఎక్కడ మొదలైందో, దాన్ని తేల్చడానికి ఎవరైనా ఎప్పుడైనా ప్రయత్నించారో లేదో ఎవరూ చెప్పరు. నాకు అదే ఆసక్తి. అందుకే ఇవాళ తిట్టుకోవడం పక్కన పెట్టి చరిత్రలోకి వెళ్దాం.

ముందు ఒక మాట. ఇది మనకి పరాయి విషయం కాదు. గుడివాడలో హోమియో వైద్య కళాశాల 1945లోనే మొదలైంది, అంటే స్వాతంత్ర్యం కంటే ముందే. హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉన్న ప్రభుత్వ హోమియో కాలేజీ పేరు జె.ఎస్.పి.ఎస్. ఆ అక్షరాల్లో ఉన్న జయసూర్య ఎవరో తెలుసా? సరోజినీ నాయుడు గారి అబ్బాయి. డాక్టరు, హోమియో వైద్యుడు, 1952లో మెదక్ నుంచి లోక్‌సభకి గెలిచిన మనిషి. మిగతా అక్షరాలు పొట్టి శ్రీరాములు గారివి. కాబట్టి తెలుగువాళ్లలో హోమియో అంటే ఏదో సందులో ఉన్న చిన్న దుకాణం కాదు, కాలేజీలు, ప్రభుత్వ ఆసుపత్రులు, డిగ్రీలు ఉన్న వ్యవహారం. మా ఇంట్లో కూడా చిన్నప్పుడు గూట్లో ఆ సన్న సీసాలు ఉండేవి. తెల్ల మాత్రలు, కాస్త స్పిరిట్ వాసన, నాలుక మీద వేసుకుంటే తియ్యగా కరిగిపోయేవి. జ్వరం లేకపోయినా రెండు వేసుకోవాలనిపించేది.

సరే, కథ జర్మనీలో మొదలవుతుంది. శామ్యూల్ హానిమన్ 1755 ఏప్రిల్ 10న మైసెన్ అనే ఊళ్లో పుట్టాడు. చదివింది మామూలు వైద్యమే. కానీ ఆ కాలపు వైద్యం ఎలా ఉండేదో ఊహించుకోండి. జ్వరమొస్తే నరం కోసి నెత్తురు తీసేవాళ్లు. తగ్గకపోతే ఇంకోసారి తీసేవాళ్లు. జలగలు పట్టించేవాళ్లు. పాదరసంతో చేసిన మందులు మింగించి, పళ్లు ఊడిపోయేదాకా నోట్లోంచి లాలాజలం కారేట్టు చేసేవాళ్లు. అది మందు పనిచేస్తున్నదానికి గుర్తు అనుకునేవాళ్లు! 1799లో అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కి గొంతు నొప్పి వస్తే, ఒక్క రోజులో ఆయన ఒంట్లోంచి లీటర్ల కొద్దీ నెత్తురు తీశారు. ఆ రాత్రే ఆయన పోయాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1792లో వియన్నాలో రెండో లియోపోల్డ్ చక్రవర్తి చనిపోతే, ఆయన నెత్తుర్ని మళ్లీ మళ్లీ ఎందుకు తీశారో జవాబు చెప్పండి అని పత్రికలో రాజవైద్యుల్ని బహిరంగంగా నిలదీసిన మనిషి ఈ హానిమనే. ఆ ధైర్యాన్ని ఒప్పుకుని తీరాలి. ఆ విషయంలో ఆయన చెప్పిందే నిజం, రాజవైద్యులదే తప్పు.

ప్రాక్టీసు మీద విసుగొచ్చి పుస్తకాలు అనువాదం చేసుకుంటూ బతుకుతున్న రోజుల్లో, 1790 ప్రాంతంలో, మలేరియాకి వాడే సింకోనా బెరడు గురించి చదివాడు. అది ఎందుకు పనిచేస్తుందో పుస్తకంలో చెప్పిన కారణం ఆయనకి నచ్చలేదు. తానే ఆ బెరడు తిని చూశాడు. వొళ్లు చల్లబడటం, గుండె దడ, నీరసం, అచ్చం మలేరియా జ్వరంలా అనిపించింది. అక్కణ్ణుంచి పుట్టిన సూత్రం: ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏది జబ్బు లక్షణాలు తెప్పిస్తుందో, అదే జబ్బు ఉన్నవాడికి మందు. మనవాళ్లు దీన్ని ‘ఉష్ణం ఉష్ణేన శీతలం’ అని, ‘ముల్లును ముల్లుతోనే తీయాలి’ అని వెంటనే అర్థం చేసుకున్నారు. హోమియో మన దేశంలో అంత తేలిగ్గా ఇమిడిపోవడానికి ఆ సామెతలు కూడా ఒక కారణమని నా అనుమానం. 1796లో ఈ సూత్రాన్ని వ్యాసంగా రాశాడు, 1810లో ఆర్గనాన్ అనే పుస్తకం తెచ్చాడు.

ఇక్కడిదాకా బానే ఉంది. తిరకాసు రెండో సూత్రంలో ఉంది. మందుని పలచన చేసేకొద్దీ, పలచన చేసిన ప్రతిసారీ కుదిపేకొద్దీ, దాని బలం పెరుగుతుందని హానిమన్ చెప్పాడు. ఒక వంతు మందు, 99 వంతుల ద్రవం కలిపి కుదిపితే ఒక మెట్టు. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపితే రెండో మెట్టు. ఇలా ముప్పై మెట్లు ఎక్కితే, సీసా మీద ‘30’ అని రాసి ఉంటుంది చూడండి, అదన్నమాట.

ఇప్పుడు న్యూరెంబర్గ్ వెళ్దాం. సంవత్సరం 1835. ఇవాళ్టి ఎపిసోడ్ చేయాలనిపించింది నిజానికి ఈ ఒక్క సంఘటన కోసమే.

ఆ ఊళ్లో పెద్దింటి వాళ్లంతా హోమియో వైపు మళ్లిపోతున్నారు. యోహాన్ యాకోబ్ రాయిటర్ అనే హోమియో డాక్టరుకి మంచి పేరు. ఇది ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ ఫాన్ హోవెన్ అనే పెద్ద డాక్టరుకి నచ్చలేదు. ఈయన ఊరి ఆసుపత్రుల బాధ్యత చూసేవాడు, మహాకవి షిల్లర్‌కి చిన్ననాటి స్నేహితుడు కూడా. మారుపేరుతో హోమియో మీద ఒక పుస్తకం రాసి దుమ్మెత్తిపోశాడు. రాయిటర్ ఊరుకుంటాడా? ఆయనా ఒక జవాబు పుస్తకం అచ్చేశాడు. అందులో ఒక సవాలు విసిరాడు. మామూలు ఉప్పుని ముప్పై మెట్లు పలచన చేసిన చుక్కలు తాగి చూడండి, ఒంట్లో ఏదో ఒక వింత మార్పు తెలిసి తీరుతుంది, పదికి ఒకటి పందెం అన్నాడు.

మామూలుగా ఇలాంటి గొడవలు ఏమవుతాయి? నువ్వొకటి అంటావు, నేనొకటి అంటాను, ఇద్దరి అభిమానులూ చప్పట్లు కొడతారు, అయిపోతుంది. కానీ ఆ ఊళ్లో గియోర్గ్ లోనర్ అనే పత్రికా సంపాదకుడు ఉన్నాడు. ఆయనా, ఇంకొంతమందీ కలిసి, సరే, నిజంగానే తాగి చూద్దాం పదండి అన్నారు. పేపర్లో ప్రకటన వేశారు. ఫిబ్రవరి 19 సాయంత్రం ఎర్ర కోడిపుంజు అనే సత్రంలో సమావేశం, ఎవరైనా రావచ్చు, రాయిటర్ గారికి కూడా ఆహ్వానం. 120 మందికి పైగా వచ్చారు.

వాళ్లు చేసిన పని జాగ్రత్తగా వినండి. మంచుని కరిగించి, ఆ నీటిని బట్టీపట్టారు. అందులో ఒక గ్రెయిన్ ఉప్పుతో మొదలుపెట్టి, హోమియో పుస్తకంలో చెప్పినట్టే ముప్పై మెట్లు పలచన చేశారు. వంద చిన్న సీసాలు తీసుకుని, 1 నుంచి 100 దాకా నంబర్లు వేసి, బాగా కలగలిపేశారు. తర్వాత యాభై, యాభై రెండు కుప్పలు. ఒక కుప్పలో పలచన చేసిన ఉప్పు చుక్కలు, రెండో దాంట్లో ఉత్త మంచునీళ్లు. ఏ నంబర్లో ఏముందో ఒక కాగితం మీద రాసి, సీలు వేసేశారు. సీసాలు పంచినవాళ్లకి తెలీదు ఏది ఏదో. తీసుకున్నవాళ్లకీ తెలీదు. ఎవరికి ఏ నంబరు వెళ్లిందో మాత్రం రాసుకున్నారు. మూడు వారాలు ఆగి, మీకేమనిపించిందో వచ్చి చెప్పండి అన్నారు.

మెడిసిన్ గానీ, ఫార్మసీ గానీ చదువుతున్నవాళ్లు వింటుంటే, ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. ఇది ఇవాళ మనం డబుల్ బ్లైండ్ ట్రయల్ అని పిలిచే పద్ధతి. మీ పాఠ్యపుస్తకాల్లో ఆధునిక పరీక్షలు 1948లో క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసిన ప్రయోగంతో మొదలయ్యాయని రాసి ఉంటుంది. దానికి 113 ఏళ్ల ముందు, ఒక సత్రంలో, ఒక పత్రికా సంపాదకుడు ఈ పని చేశాడు. యూనివర్సిటీ లేదు, గ్రాంటు లేదు.

ఫలితం? 54 మంది సీసాలు తీసుకుంటే, 50 మంది తిరిగి కబురు చెప్పారు. వాళ్లలో 42 మందికి ఏమీ కాలేదు. ఎనిమిది మందికి ఏదో తేడా తెలిసింది. సీలు విప్పి చూస్తే, ఆ ఎనిమిది మందిలో ఐదుగురు తాగింది ఉప్పు చుక్కలు, ముగ్గురు తాగింది ఉత్త నీళ్లు. రాయిటర్ పందెం ప్రకారం చూస్తే ఉప్పు చుక్కలు తాగిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఏదో ఒకటి అవ్వాలి. అలా కాలేదు. పైగా ఉత్త నీళ్లు తాగినవాళ్లకీ ‘ఏదో అయింది’. నాకు ఐదుగురి కంటే ఆ ముగ్గురి మీదే ఆసక్తి ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పారనుకోను. మూడు వారాలు వొంటిని గమనించుకుంటూ కూర్చుంటే ఎవరికైనా ఏదో ఒకటి తెలుస్తుంది. ఒకరోజు కడుపులో గడబిడ, ఒకరోజు తల బరువు. మామూలు రోజుల్లో పట్టించుకోం, సీసా తాగిన తర్వాత పట్టించుకుంటాం.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ఈ పరీక్ష జబ్బు తగ్గిందా లేదా అని చూడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఏమైనా తెలిసిందా అని మాత్రమే చూసింది. వచ్చినవాళ్లలో హోమియో అంటే పడనివాళ్లు ఎంతోమంది ఉండి ఉంటారు. కాబట్టి ఈ ఒక్కదాంతో హోమియో అబద్ధమని తేలిపోయిందని నేననను. వాళ్లు కనిపెట్టింది అసలైన పద్ధతి. అది రోగికీ, డాక్టరుకీ ఇద్దరికీ కళ్లకు గంతలు కట్టే పద్ధతి.

ఇప్పుడు చిన్న లెక్క. వీడియోలో దీన్ని తెర మీద చూపించాం, చదువుతున్నవాళ్లకి మాటల్లో చెప్తాను. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. అంత ఉప్పులో అణువులు అనుకోండి, దాదాపు 67 పక్కన 19 సున్నాలు. చాలా ఎక్కువ కదా? కానీ ప్రతి మెట్టు దగ్గరా ఒక చుక్కలోకి వెళ్లే ఉప్పు వందో వంతుకి పడిపోతుంది. పదో మెట్టు దగ్గర ఒక చుక్కలో మిగిలేది ఆరేడు అణువులు. పదకొండో మెట్టు దగ్గర చుక్కలో ఒక్కటి ఉండటమే అదృష్టం, పదిహేను చుక్కల్లో ఒక దాంట్లో ఉంటే ఉన్నట్టు. ఆ తర్వాత ఇంకా పంతొమ్మిది మెట్లు ఉన్నాయి! అక్కణ్ణుంచి చేస్తున్నది నీళ్లని నీళ్లలో కలపడమే. మొత్తం ముప్పై మెట్ల పలచన అంటే 1 పక్కన 60 సున్నాల్లో ఒక వంతు. భూమి మొత్తంలో ఉన్న పరమాణువులు సుమారు 1 పక్కన 50 సున్నాలు. అంటే వెయ్యి కోట్ల భూగోళాలంత పదార్థంలో ఒక్క కణం. అసలు బట్టీపట్టిన మంచునీళ్లలో సహజంగా మిగిలిపోయే ఉప్పే దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

హానిమన్‌కి ఈ లెక్క తెలిసే అవకాశం లేదు. ఆయన 1843లో పారిస్‌లో పోయాడు. అణువుల పరిమాణాన్ని మొదటిసారి లెక్కగట్టింది లోష్మిట్, అది 1865లో. కాబట్టి హానిమన్ని మోసగాడు అనడం నాకు నచ్చదు. కానీ 1865 తర్వాత వచ్చినవాళ్లకి ఆ సాకు లేదు. అణువు లేకపోయినా నీటికి జ్ఞాపకం ఉంటుంది అనే వాదన అందుకే పుట్టింది. 1988లో బెన్వెనిస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ అర్థం వచ్చే ఫలితాల్ని నేచర్ పత్రికలో ప్రచురించాడు. పత్రిక సంపాదకుడు జాన్ మాడక్స్ ఒక బృందంతో ల్యాబ్‌కి వెళ్లాడు. అందులో జేమ్స్ రాండీ అనే మెజీషియన్ కూడా ఉన్నాడు. ఏ గొట్టంలో ఏముందో రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి సీలు వేసి, సీలింగుకి అతికించేశారు. ఎవరికీ తెలియకుండా ప్రయోగం చేయగానే ఆ ఫలితం మాయమైంది. న్యూరెంబర్గ్ సీలు కాగితమే మళ్లీ.

మరి హోమియో ఇంతకాలం ఎలా నిలిచింది? దీనికి లండన్ జవాబు చెప్తుంది.

1849లో లండన్‌లో ఫ్రెడరిక్ క్విన్ అనే డాక్టరు హోమియో ఆసుపత్రి పెట్టాడు, సోహో ప్రాంతంలో గోల్డెన్ స్క్వేర్ దగ్గర. 1854లో సరిగ్గా ఆ పేటలోనే కలరా విరుచుకుపడింది. జాన్ స్నో బోరింగు హ్యాండిల్ పీకించిన కథ మీరు విని ఉంటారు. ఆ బోరింగు ఉన్న బ్రాడ్ స్ట్రీట్ ఈ ఆసుపత్రికి కొద్ది నిమిషాల నడక. హోమియో ఆసుపత్రిలో చేరిన 61 మంది కలరా రోగుల్లో 10 మంది చనిపోయారు, అంటే 16 శాతం. మిగతా ఆసుపత్రుల్లో దాదాపు సగం మంది పోయారు. ప్రభుత్వ వైద్య కమిటీ తన నివేదికలో ఈ ఆసుపత్రి లెక్కల్ని వదిలేసింది. పార్లమెంటులో అడిగితే తర్వాత బయటపెట్టారు. హోమియోవాళ్లు ఇప్పటికీ ఈ కథ చెప్తారు, చెప్పడంలో తప్పు లేదు, ఆ అంకెల్ని దాచడం నిజంగా అన్యాయమే.

కానీ ఆ అంకెలకి అర్థమేంటి? కలరా మనిషిని చంపేది ఒంట్లో నీరూ ఉప్పూ అయిపోవడం వల్ల. అలాంటి మనిషికి మిగతా ఆసుపత్రుల్లో పాదరసం మందులిచ్చి, ఆముదం తాగించి, పైగా నెత్తురు తీశారు! ఇక్కడ మాత్రం శుభ్రంగా పడుకోబెట్టి చుక్కలు వేశారు. చంపే వైద్యానికీ, ఏమీ చేయని వైద్యానికీ పోటీ పెడితే ఏమీ చేయనిదే గెలుస్తుంది. హోమియో మొదటి వందేళ్ల కీర్తిలో చాలా భాగం ఇదేనని నా అభిప్రాయం. పోటీదారు అంత ఘోరంగా ఉన్నాడు కాబట్టి గెలిచింది. పోటీదారు మారాక కూడా పాత కప్పు చూపిస్తే ఎలా?

మన దేశంలోకి వద్దాం. 1839లో లాహోర్‌లో మహారాజా రంజిత్ సింగ్‌కి వైద్యం చేసిన హోనిగ్‌బెర్గర్‌తో హోమియో ఇక్కడ అడుగుపెట్టిందంటారు. కానీ నాకు బాగా నచ్చే మనిషి కలకత్తా డాక్టరు మహేంద్రలాల్ సర్కార్. 1863లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి ఎం.డి. అప్పట్లో ఆ డిగ్రీ ఉన్న భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మొదట్లో హోమియోని బహిరంగంగా ఎద్దేవా చేసినవాడు. తర్వాత దాని మీద ఒక పుస్తకాన్ని సమీక్షించాల్సొచ్చి, చూడకుండా తిట్టడం న్యాయం కాదనుకుని, రాజేంద్ర దత్త అనే ఆయన చేసే వైద్యాన్ని దగ్గరుండి చూశాడు. రోగులు కోలుకుంటున్నారు. 1867 ఫిబ్రవరిలో డాక్టర్ల సభలో లేచి నిలబడి, ఇందులో విషయం ఉంది అన్నాడు. సభ భగ్గుమంది. వెలేశారు. రోగులు రావడం మానేశారు, నెలల తరబడి ప్రాక్టీసు పడిపోయింది. తర్వాత పుంజుకున్నాడు, చివరికి గొంతు క్యాన్సర్‌తో బాధపడుతున్న రామకృష్ణ పరమహంసకి వైద్యం చేసింది కూడా ఈయనే.

ఇందులో విచిత్రం ఏంటంటే, ఇదే సర్కార్ 1876లో చందాలు పోగు చేసి భారతీయులు సొంతంగా సైన్సు చేయడానికి ఒక సంస్థ పెట్టాడు. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. ఆ సంస్థ ల్యాబ్‌లోనే, 1928లో సి.వి.రామన్ తన ఎఫెక్టు కనిపెట్టాడు, 1930లో నోబెల్ తెచ్చాడు. రామన్ చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్నవాడే, వాళ్ల నాన్నగారు అక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్.

సర్కార్ పిరికివాడు కాదు, మూర్ఖుడు అంతకన్నా కాదు. కళ్లారా చూసిందాన్ని నమ్మాడు. సమస్య అక్కడే ఉంది. మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది బాధ బాగా ముదిరినప్పుడు. చాలా బాధలు ముదిరిన తర్వాత వాటంతటవే తగ్గుముఖం పడతాయి. జలుబు మందేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనకో జోకు ఉంది కదా. దగ్గరుండి చూస్తే ఏం కనపడుతుంది? మందిచ్చాడు, తగ్గింది. మందు ఇవ్వకపోతే ఏమయ్యేదో చూడటానికి పక్కన ఉత్త నీళ్ల సీసా ఉండాలి. సర్కార్ దగ్గర అది లేదు.

ఇప్పటి పరిశోధనల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1997లో లాన్సెట్ పత్రికలో 89 పరీక్షల్ని కలిపి చూసిన అధ్యయనం వచ్చింది, ఉత్త మాత్ర కంటే హోమియో మెరుగ్గా ఉన్నట్టుంది అని. హోమియోవాళ్లు సంబరపడ్డారు. రెండేళ్లకి అదే బృందం మళ్లీ చూసి, పరీక్ష ఎంత పకడ్బందీగా జరిగితే ప్రభావం అంత తగ్గిపోతోందని చెప్పింది. 2005లో మళ్లీ లాన్సెట్‌లోనే, 110 హోమియో పరీక్షల్నీ, 110 మామూలు వైద్యం పరీక్షల్నీ పక్కపక్కన పెట్టారు. పెద్దవీ, బాగా జరిగినవీ మాత్రమే తీసుకుంటే హోమియో ప్రభావం ఉత్త మాత్రతో సమానమైంది, మామూలు మందులది మిగిలింది. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి 61 జబ్బుల మీద 176 అధ్యయనాలు చూసి, హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం ఉన్న జబ్బు ఒక్కటీ లేదంది. 2017లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య సేవ డబ్బు ఇవ్వొద్దని చెప్పింది, 2021లో ఫ్రాన్సు పూర్తిగా ఆపేసింది.

మన దగ్గరేం జరిగిందో చూద్దాం. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి, అదే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, పిల్లల్ని పొట్టనపెట్టుకుంటోంది. దోమల వల్ల వస్తుంది, పందుల్లోనూ కొంగల్లాంటి పక్షుల్లోనూ ఆ వైరస్ ఉంటుంది. బతికిన పిల్లల్లో ఎంతోమందికి కాళ్లూ చేతులూ, మాటా సరిగ్గా తిరిగి రాలేదు. అప్పుడు ప్రభుత్వం ఆ జిల్లాల్లో పిల్లలకి మూడు హోమియో మందులు పంచింది: బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యూబర్‌క్యులైనం. తర్వాత కొన్నేళ్లూ పంచారు. కేసులు తగ్గాయి, కాబట్టి మందు పనిచేసిందని ఇప్పటికీ చెప్తారు.

తగ్గింది మందు వల్లేనా? ఈ జబ్బు ఏడాదికీ ఏడాదికీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఏడు వానలు, దోమలు, పందుల పెంపకం, ఫాగింగు అన్నీ కలుస్తాయి. దేశంలో పెద్ద ఎత్తున టీకా కార్యక్రమం 2006లో మొదలైంది. వీటన్నిటి మధ్య మాత్ర వంతు ఎంతో తెలియాలంటే, కొందరు పిల్లలకి ఉత్త మాత్రలిచ్చి పోల్చి చూడాలి. అలా చూడలేదు. లక్షల మంది పిల్లలకి మందు పంచే యంత్రాంగం ఉంది గానీ, ఎర్ర కోడిపుంజు సత్రంలో లోనర్ రాసుకున్నట్టు ఒక సీలు కాగితం లేకపోయింది. నాకు కోపం వచ్చేది మాత్రల మీద కాదు, దీని మీద. ఇన్నేళ్ల తర్వాత కూడా మనకి జవాబు తెలీదు, ఎందుకంటే ప్రశ్నే అడగలేదు.

2020లో మళ్లీ అదే. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆర్సెనికం ఆల్బం 30 మాత్రని కరోనా రాకుండా వేసుకోమని సలహా ఇచ్చింది. తేదీ జనవరి 29. మన దేశంలో మొదటి కరోనా కేసు నమోదైంది జనవరి 30న, కేరళలో. అంటే ఆ జబ్బున్న మనిషి ఒక్కడూ మన దగ్గర కనపడకముందే నివారణ వచ్చేసింది! తర్వాత ఊరూరా పంచారు, హైదరాబాద్‌లోనూ జనం లైన్లలో నిలబడ్డారు.

‘అయితే ఏంటి అన్నా, నష్టం లేదు కదా, చక్కెరే కదా’ అంటారు కొందరు. ఈ ప్రశ్న దగ్గర నిజాయితీగా ఆగాలి. జలుబుకో, చిన్న దురదకో నాలుగు తియ్యటి మాత్రలు వేసుకుంటే నిజంగానే నష్టం లేదు. మా వాళ్లు వేసుకుంటే నేను గొడవ పడను. ఈ మధ్య ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ల నాన్నకి పదేళ్లుగా షుగర్. టీవీలో ప్రకటన చూసి, ఇంగ్లీషు మందులు మానేసి పూర్తిగా హోమియోలోకి మారతానంటున్నారట, ఏం చెప్పమంటారని. తమ్ముడూ, షుగర్ మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ మీ డాక్టరుని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపనివ్వకు. హోమియో వేసుకుంటానంటే పక్కన వేసుకోనీ. షుగర్, క్యాన్సర్, బీపీ, మూర్ఛ లాంటివి తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఏ వైద్యమైనా సరే. ఆ సంగతి కూడా మీ నాన్నగారికి చెప్పు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2002లో సిడ్నీలో తొమ్మిది నెలల పాప చనిపోయింది. ఎగ్జిమా, అంటే చర్మపు జబ్బు. తండ్రి స్వయంగా హోమియో పాఠాలు చెప్పే మనిషి. నెలల తరబడి ఆ మందులే వాడారు. చర్మం చిట్లి, ఇన్ఫెక్షన్ నెత్తురులోకి పాకింది. 2009లో కోర్టు తల్లిదండ్రుల్ని దోషులంది. ఆ తండ్రికి పాప మీద ప్రేమ లేదని ఎవరూ అనలేదు. మాత్ర పాపని చంపలేదు, మాత్ర తినేసిన టైము చంపింది.

దీనికి అవతలి వైపు కూడా ఒకటుంది. 1996లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో, హోమియో డిగ్రీ ఉన్న డాక్టరు జ్వరం రోగికి అల్లోపతి మందులు రాశాడు, రోగి పోయాడు. తనకి చదువు లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని కోర్టు తేల్చింది. ఇలాంటివి మన పట్నాల్లో ఇవాళ్టికీ జరుగుతున్నాయి, బోర్డు మీద ఒకటుంటుంది, చీటీ మీద ఇంకోటి ఉంటుంది. మీ చీటీలో ఏం రాశారో అడగండి.

ఇక ఉత్త మాత్ర ఇచ్చి బాగుపడతావని చెప్పడం అబద్ధమా, దయా? డాక్టర్లే దీని మీద ఒప్పందానికి రాలేదు. నాకు మాత్రం, పెద్దవయసు మనిషికి తెలియకుండా అతని ఒంటి మీద నిర్ణయం తీసుకోవడం దయలా అనిపించదు.

కానీ హోమియో డాక్టర్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు మాట్లాడిస్తారు. నిద్ర ఎలా పడుతుంది, పులుపు ఇష్టమా తీపి ఇష్టమా, కోపమొస్తే ఏం చేస్తావు, అన్నీ అడుగుతారు. ఇంగ్లండులో సౌతాంప్టన్ పరిశోధకులు కీళ్లవాతం ఉన్న 83 మంది మీద ఒక తెలివైన ప్రయోగం చేశారు, 2011లో ప్రచురించారు. కొందరికి హోమియో సంప్రదింపులు, కొందరికి సంప్రదింపులు లేకుండా మాత్రలు, అందులోనూ కొన్ని అసలువి, కొన్ని ఉత్తవి. అందరూ మామూలు మందులు వాడుతూనే ఉన్నారు. మాత్ర అసలుదైనా, ఉత్తదైనా తేడా రాలేదు. కూర్చోబెట్టి మాట్లాడించినవాళ్లకి మాత్రం కాస్త మేలు కనిపించింది. మన ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక రోగికి ఎన్ని నిమిషాలు దొరుకుతున్నాయో మీకే తెలుసు. అమ్మమ్మలు హోమియో క్లినిక్కుకి ఎందుకు వెళ్తారో అర్థం చేసుకోవడం నాకేం కష్టం కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ ఉప్పే. ఈసారి ముప్పై మెట్ల ఉప్పు కాదు, లీటరు నీళ్లకి 2.6 గ్రాములు, పక్కన 13.5 గ్రాముల గ్లూకోజు. 1971లో బెంగాల్ సరిహద్దులో, బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు పెద్ద డ్రమ్ముల్లో ఉప్పూ, గ్లూకోజూ కలిపిన నీళ్లు నింపించి, రోగుల చుట్టాల చేతే తాగించాడు. కలరా చావులు 30 శాతం నుంచి 3.6 శాతానికి పడిపోయాయి. ఆయన సాటి డాక్టర్లు కూడా మొదట నమ్మలేదు. ఆ కథ వచ్చే వారం.